కందుకూరి వారి ఇల్లు, ఆనంద తోట: ఒక్కరోజులో చూసి రావడం ఎలా

రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం పంతులుగారి ఇల్లు ఇప్పుడు మ్యూజియం. చాలామంది లోపలికి వెళ్ళి పావుగంటలో బయటికి వచ్చేస్తారు. నాలుగు గదులు, కొన్ని ఫొటోలు, ఇంకేముంది అంటారు. వాళ్ళను తప్పుపట్టడానికి లేదు. ఆ ఇంట్లో ఏం జరిగిందో తెలీకుండా వెళితే అది ఒక పాత ఇల్లు, అంతే. తెలిసి వెళితే గుమ్మం దగ్గరే కాలు ఆగిపోతుంది. అందుకే ఇక్కడ చెప్పేదాంట్లో సగం రాజమండ్రిలో చేసేది కాదు, బయల్దేరే ముందు మీ ఇంట్లో చేసేది.

బయల్దేరే ముందు

పంతులుగారి స్వీయచరిత్ర సంపాదించండి. మొత్తం చదవక్కర్లేదు, 1881 చుట్టూ నడిచే ప్రకరణాలు చాలు. గంటన్నర పని. భాష గ్రాంథికం కాబట్టి మొదటి రెండు పేజీలు నత్తనడక నడుస్తాయి. పైకి చదవండి. కళ్ళకు చిక్కుముడిలా కనబడే వాక్యం నోటికి వచ్చేసరికి విడిపోతుంది. పిల్లల్ని తీసుకెళుతుంటే రోజుకో రెండు పేజీల చొప్పున వారం ముందునుంచే వినిపించండి.

చదవడానికి అసలు తీరికే లేకపోతే కనీసం ఇవి ఒక చీటీమీద రాసుకుని జేబులో పెట్టుకోండి. పుట్టింది 1848 ఏప్రిల్ 16. నాలుగేళ్ళ వయసులో తండ్రి సుబ్బారాయుడుగారు పోయారు. తల్లి పున్నమ్మగారు, పెదతండ్రి వెంకటరత్నంగారు పెంచారు. 1874లో వివేకవర్ధని పత్రిక మొదలైంది, అదే ఏడు ధవళేశ్వరంలో ఆడపిల్లల బడి పెట్టారు. 1881 డిసెంబరు 11న మొదటి వితంతు వివాహం. 1906లో హితకారిణీ సమాజం పెట్టి తన ఆస్తిని దానికి రాసిచ్చారు. 1910లో భార్య రాజ్యలక్ష్మమ్మగారు, 1919 మే 27న మద్రాసులో పంతులుగారు కన్నుమూశారు.

ఇందులో డిసెంబరు 11 గురించి మాత్రం ఇంకాస్త తెలుసుకుని వెళ్ళాలి. ఆ రాత్రి పంతులుగారి ఇంట్లో గోగులపాటి శ్రీరాములు, గౌరమ్మల పెళ్ళి జరిగింది. పెళ్ళి ఆపి తీరాలని ఊళ్ళో పెద్దల పట్టు. శిష్యులు కాపలా నిలబడ్డారు, పోలీసు బందోబస్తు పెట్టాల్సి వచ్చింది. వెళ్ళినవాళ్ళకు వెలి తప్పదన్న భయంతో పిలిచినవాళ్ళు కూడా వెనకాడారు. ఖర్చుకు కాకినాడ నుంచి పైడా రామకృష్ణయ్యగారు డబ్బు సాయం చేశారు. వంటవాళ్ళు రాలేదు, నీళ్ళు మోసేవాళ్ళు రాలేదు. రాజ్యలక్ష్మమ్మగారే గోదావరికి వెళ్ళి బిందెతో నీళ్ళు తెచ్చి వండి వడ్డించారు. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుని వెళ్ళండి, మిగతావి వాటంతటవే వచ్చి దాని చుట్టూ చేరతాయి.

ఏ రోజు వెళ్ళాలి

రాష్ట్ర పురావస్తు శాఖ మ్యూజియంలకు సాధారణంగా శుక్రవారం సెలవు. దానికితోడు పండగ సెలవులు, మరమ్మతులు. ఎక్కువమంది బోల్తాపడేది ఇక్కడే: పొద్దున్నే అమలాపురం నుంచో భీమవరం నుంచో బయల్దేరి వస్తారు, తీరా చూస్తే గేటుకు తాళం. ముందురోజు ఫోన్‌లో కనుక్కోండి, లేదా రాజమండ్రిలో ఉన్న చుట్టాన్ని ఒకసారి అటు వెళ్ళి చూసి రమ్మనండి. ఇరవైమందికి మించిన స్కూలు బృందమైతే వారం ముందే తెలియజెయ్యండి. పాత ఇంటి గదుల్లో అంతమంది ఒకేసారి పట్టరు. పదేసిమందిగా విడదీసి, ఒక జట్టు లోపల ఉండగా రెండోది బయట ఆ చీటీలోని సంగతులు చెప్పుకునేలా చూడండి.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. ఏప్రిల్ 16న జయంతి, అదే రోజు రాష్ట్రంలో తెలుగు నాటకరంగ దినోత్సవం కూడా. ఆరోజు దండలు వేసేవాళ్ళతో, ఉపన్యాసాలతో సందడిగా ఉంటుంది కానీ నిలబడి చూడ్డానికి కుదరదు. మే 27 వర్ధంతి అయితే రోహిణి కార్తె ఎండ. చిన్నపిల్లలు, పెద్దవాళ్ళు ఉంటే ఆ రెండు రోజులూ వదిలెయ్యండి.

జులై నెలాఖరు నుంచి సెప్టెంబరు దాకా ఇంకో సంగతి చూసుకోవాలి. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటి హెచ్చరికలో పట్నంలో తిరగడానికి ఇబ్బంది ఉండదు, స్నానఘట్టాల్లోకి మాత్రం దిగనివ్వరు. రెండోది వేస్తే ప్రయాణం వాయిదా వెయ్యండి. లంకల మీదుగా వెళ్ళే దారులు ఎప్పుడు మునుగుతాయో చెప్పలేం. 2027లో పుష్కరాలు, ఆ పన్నెండు రోజులూ ఈ ప్రయాణం పెట్టుకోవద్దు.

చేరుకోవడం

రైల్లో వచ్చేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి, ఊళ్ళో రెండు స్టేషన్లున్నాయి. ఎక్స్‌ప్రెస్‌లు ఆగేది రాజమండ్రి స్టేషన్‌లో. గోదావరి స్టేషన్ ఏటిగట్టుకు దగ్గర, అక్కడ ఎక్కువగా ప్యాసింజర్లు ఆగుతాయి. కోనసీమ వాళ్ళకు బస్సే సుఖం, రావులపాలెం మీదుగా రావచ్చు.

ఆటో ఎక్కేటప్పుడు "వీరేశలింగం గారి దగ్గరికి" అని ఊరుకుంటే ఎక్కడికైనా తీసుకెళతారు. ఈ ఊళ్ళో ఆయన పేరున బడి ఉంది, కాలేజీ ఉంది, విగ్రహం ఉంది. "కందుకూరి వారి పాత ఇల్లు, మ్యూజియం" అని స్పష్టంగా చెప్పండి. తోటకు వెళ్ళేటప్పుడు "ఆనంద గార్డెన్స్, పంతులుగారి సమాధి" అనండి. పాత పట్నం సందులు ఇరుకు, పెద్ద కారు పెట్టుకోవడానికి చోటు దొరకదు. కారును స్టేషన్ దగ్గరో గట్టు దగ్గరో వదిలి ఆటోలో వెళితే గొడవ ఉండదు.

ఇంట్లో

పది, పదకొండు గంటల మధ్య చేరుకోండి. గదుల్లోకి వెలుతురు బాగా వస్తుంది, ఎండ ఇంకా ముదరదు. వెంట తెచ్చుకోవాల్సినవి ఒక నోటుపుస్తకం, పెన్సిలు. పెన్ను వద్దు. పాత కాగితాలున్న చోట సిరా మరక పడితే మళ్ళీ పోదు. సంచీ భుజాన వేలాడుతుంటే తిరిగినప్పుడల్లా అద్దాల పెట్టెలకు తగులుతుంది, చేత్తో ముందుకు పట్టుకోండి.

వెంటనే లోపలికి వెళ్ళకండి. వీధిలో ఇంటికి ఎదురుగా రెండు నిమిషాలు నిలబడండి. ఆ డిసెంబరు రాత్రి కాపలా నిలబడ్డ కుర్రాళ్ళు ఎంత ఇరుకు దారిలో నిలబడ్డారో, గుమ్మానికీ వీధికీ దూరం ఎంత తక్కువో చూడండి. తర్వాత లోపలికి వెళ్ళి ముందుగా ఇల్లంతా ఒక చుట్టు తిరగండి. ఎక్కడా ఆగొద్దు, ఏమీ చదవొద్దు. గదులు ఎలా కలిసున్నాయో, వెలుతురు ఎటునుంచి వస్తోందో ఒంటికి పట్టాలి. రెండోసారి తిరిగేటప్పుడు ఫొటోల కింద రాసినవి చదవండి. మొదటి ఫొటో నుంచే చదవడం మొదలుపెడితే పిల్లలు మూడో గదికల్లా నీరసపడిపోతారు, ఇంటి ఆకారం ఎవరికీ గుర్తుండదు.

అద్దాల వెనక పాత పుస్తకమో పత్రికో తెరిచి ఉంటే దాని ముందు తొందరపడొద్దు. ఆ కాలపు అచ్చు చదవడానికి మూడు సంగతులు తెలిస్తే చాలు. ఒకటి అరసున్న. "వాఁడు", "చేసెఁగాని" లాంటి చోట్ల అక్షరం పక్కన సగం సున్నలా కనబడుతుంది. చదివేటప్పుడు దాన్ని వదిలేసి ముందుకెళ్ళొచ్చు. రెండు బండి ఱ, మామూలు ర లాగే చదువుకోండి. మూడు తెలుగు అంకెలు. ౧, ౨, ౩, ౪, ౫, ౬, ౭, ౮, ౯, ౦ వరసగా ఒకటి నుంచి తొమ్మిది, చివర సున్న. ౧౮౮౧ అని కనబడితే 1881. పిల్లలకు ఈ పది అంకెలూ ముందే నేర్పండి. ముఖపత్రం మీద ఏడాది వాళ్ళంతట వాళ్ళు కూడబలుక్కుని చదివినప్పుడు ఆ మొహాలు చూడాలి.

అచ్చు గురించి ఒక్క మాట. వివేకవర్ధని మొదట్లో మద్రాసులో అచ్చయ్యేది. తర్వాత రాజమండ్రిలోనే ముద్రణాలయం పెట్టుకున్నారు. సీసపు అక్షరాలు ఒక్కొక్కటీ ఏరి తలకిందులుగా, కుడిఎడమగా పేర్చాలి. తెలుగులో గుణింతాలు, వత్తులు ఉన్నాయి కాబట్టి ఇంగ్లీషుకు సరిపోయే గళ్ళ పెట్టె మనకు ఏ మూలకూ చాలదు. పాత పేజీలో వత్తు ఒకటి పక్కకు జరిగో, కిందికి జారో కనబడితే అది అచ్చుతప్పు అనుకుని ఊరుకోకండి. దాన్ని వేళ్ళతో పట్టుకుని పేర్చిన మనిషిని ఒకసారి తలుచుకోండి.

ఫొటోలకు ముందు అనుమతి అడగండి. సరేనంటే ఫ్లాష్ ఆపెయ్యండి. పాత కాగితం, పాత ఫొటో వెలుగుకే వెలిసిపోతాయి. అద్దంలో మీ నీడ పడుతుంటే ఎదురుగా కాకుండా కాస్త పక్కగా నిలబడి తీయండి. చెక్క సామాను, గోడలు చేత్తో ముట్టుకోవద్దు. గోదావరి గాలిలో తేమ ఎక్కువ, దానికి చేతి చెమట, నూనె తోడైతే పాత చెక్క త్వరగా నల్లబడుతుంది. ఇలాంటి పాత ఇళ్ళలో గుమ్మాలు ఎత్తు తక్కువ, గడపలు ఎత్తు ఎక్కువ. పొడుగాటి వాళ్ళు తల చూసుకోండి, ముసలివాళ్ళ చెయ్యి పట్టుకోండి.

ఇంటినుంచి గట్టుదాకా నడక

ఈ పని మాత్రం మానొద్దు. ఇల్లు చూశాక ఆటో ఎక్కకుండా గోదావరి గట్టుకు నడిచి వెళ్ళండి, ఎవర్ని అడిగినా దారి చూపిస్తారు. ఎన్ని అడుగులు పడ్డాయో, ఎన్ని నిమిషాలు పట్టిందో నోటుపుస్తకంలో రాసుకోండి. వెళ్ళేటప్పుడు ఖాళీ చేతులతో వెళ్ళి, గట్టు దగ్గర రెండు లీటర్ల మంచినీళ్ళ సీసాలు మనిషికి రెండేసి కొనండి. చేతికొకటి పట్టుకుని కాసేపు వెనక్కి నడవండి. అది నాలుగు కిలోలు. పదిహేను లీటర్లు పట్టే ఇత్తడి బిందె నిండితే బిందె బరువుతో కలిపి పద్దెనిమిది కిలోల పైమాటే. అది చంకన పెట్టుకుని, తడిసిన చీరతో మెట్లెక్కి, తనను చూసి మొహం తిప్పుకునే వీధిలోంచి ఎన్నిసార్లు వచ్చి ఉంటారో ఆ నడకలో లెక్క కట్టండి. రాజ్యలక్ష్మమ్మగారి గురించి ఏ ఫలకమూ ఇంతకన్నా ఎక్కువ చెప్పదు. నీళ్ళు పారబొయ్యకండి, మధ్యాహ్నం ఎండకు అవే అక్కరకొస్తాయి.

గట్టుమీదే దామెర్ల రామారావు చిత్రశాల ఉంది. ఓపికుంటే అరగంట చూడండి. 1897లో పుట్టి 1925లోనే పోయిన చిత్రకారుడు. కానీ దీన్నీ ఇంటినీ ఒక్క ఊపులో చూస్తే రెండూ కలగాపులగం అవుతాయి. మధ్యలో రోజ్‌మిల్క్ తాగి కాసేపు కూర్చోండి.

పక్కనున్న వీధుల్లోకి వెళ్ళేటప్పుడు టౌన్‌హాలు కూడా దారిలో కలుపుకోండి. 1890లో పంతులుగారు కట్టించింది. జనం కూడి మాట్లాడుకోవడానికి ఊళ్ళో ఒక చోటంటూ ఉండాలన్నది ఆయన ఆలోచన. లోపలికి వెళ్ళడం కుదరకపోయినా బయటినుంచి చూస్తే చాలు, పది నిమిషాలు.

ఆనంద తోటలో

భోజనం అయ్యాక, ఎండ వాలాక, మూడున్నర నాలుగు మధ్య వెళ్ళండి. తోట అనగానే పూలమడులు, ఊయలలు ఉండే పార్కును ఊహించుకుని వెళితే నిరాశపడతారు. ఇది పంతులుగారి దంపతుల సమాధులున్న చోటు. ముందే పిల్లలకు చెప్పి తీసుకెళ్ళండి. అప్పుడు వాళ్ళే గొంతు తగ్గిస్తారు.

సమాధి దగ్గరికి చెప్పులు విడిచి వెళ్ళండి. పూలు తీసుకెళితే విడిపూలే తీసుకెళ్ళండి. దారం, ప్లాస్టిక్ కవరు, అగరుబత్తి పెట్టె అక్కడ వదలొద్దు. కొబ్బరికాయ కొట్టొద్దు, హారతి కర్పూరం వెలిగించొద్దు. విగ్రహారాధనను కాదన్న మనిషి ముందు ఆ పని చేస్తే ఆయన మాట వినలేదన్నట్టే. మౌనంగా నిలబడడమో, ఆయన రాసిన ఒక పేజీ పైకి చదవడమో సరైన పద్ధతి.

రాతిమీది అక్షరాలు అరిగిపోయి చదవడానికి రాకపోతే నీళ్ళు చల్లడం, సుద్దముక్క రుద్దడం, నూనె పుయ్యడం చెయ్యకండి. ఇవన్నీ చాలామంది చేసేవే. సుద్ద గాట్లలో ఇరుక్కుంటుంది, నూనె దుమ్మును పట్టేస్తుంది, ఏడాదికల్లా ఉన్న అక్షరాలు కూడా పూడిపోతాయి. దానికి మంచి ఉపాయం పక్కవెలుగు. నాలుగున్నర తర్వాత ఎండ ఏటవాలుగా పడ్డప్పుడు అక్షరాల గాట్లలో నీడ నిలిచి స్పష్టంగా కనబడతాయి. మబ్బుగా ఉంటే ఫోన్ టార్చిని రాతికి దాదాపు ఆనించి పక్కనుంచి వెయ్యండి. ఎదురుగా వేస్తే రాయి తెల్లగా మెరుస్తుందే తప్ప అక్షరం కనబడదు. ఒకరు టార్చి పట్టుకుంటే ఇంకొకరు చదివి రాసుకోవాలి.

బడి పిల్లలతో వచ్చే టీచర్లు తోటలో ఒక మొక్క నాటి వెళ్ళాలని ముచ్చటపడుతుంటారు. మంచిదే. ముందు తోట చూసేవాళ్ళ అనుమతి తీసుకోండి, ఎక్కడ నాటాలో వాళ్ళనే చూపించమనండి. సమాధికి, గోడకు దగ్గరగా రావి, మర్రి జాతి మొక్కలు అసలు వద్దు, వేళ్ళు పునాదిని చీల్చేస్తాయి. పైగా జయంతికో వర్ధంతికో, అంటే ఏప్రిల్, మే నెలల్లో నాటేవి నిలవడం కష్టం. నాటేవాళ్ళు అందరూ, నీళ్ళు పోసేవాళ్ళు మాత్రం ఎవరూ ఉండరు. ఆషాఢం, శ్రావణంలో నాటితే సగం పని వానే చూసుకుంటుంది.

మొక్కకు కడియపులంక నర్సరీలకు వెళ్ళండి, రాజమండ్రికి దగ్గరే. అక్కడ మొక్క ఎంచుకునేటప్పుడు పూతను చూసి మోసపోకుండా కవరు అడుగున చూడండి. వేళ్ళు కన్నాల్లోంచి బయటికొచ్చి నేలలోకి దిగి ఉంటే, లాగినప్పుడు అవి తెగి మొక్క వడిలిపోతుంది. కారు డిక్కీలో పడుకోబెట్టి తెచ్చినా ఫరవాలేదు కానీ బైక్ వెనక ఎదురుగాలికి పెట్టి తెస్తే ఆకు ఎండిపోతుంది. తడిగుడ్డ చుట్టండి. గొయ్యి అడుగున్నర వెడల్పు, అడుగున్నర లోతు. కవరును బ్లేడుతో పక్కన కోసి తీయండి, మట్టిగడ్డ చెదరకూడదు. కవరులో ఉండేది ఎర్రమట్టి, డెల్టా నేల చాలాచోట్ల నల్లరేగడి. ఆ ఎర్రగడ్డను నేరుగా రేగడిలో పెడితే వేరు బయటికి రాకుండా లోపలే తిరుగుతుంది. గొయ్యి పూడ్చే మట్టిలో మూడోవంతు పశువుల ఎరువు, కాస్త ఇసుక కలపండి. నాటాక బిందెడు నీళ్ళు ఒక్కసారి గుమ్మరించకుండా మూడు విడతలుగా పొయ్యండి.

తిరుగుదారి

కోనసీమ, పశ్చిమ గోదావరి వైపు వెళ్ళేవాళ్ళు ధవళేశ్వరం మీదుగా కాటన్ బ్యారేజీ దాటి వెళ్ళండి. పంతులుగారు పుట్టేనాటికి ఇక్కడ మొదటి ఆనకట్ట పని మొదలై ఏడాది, అది 1852లో పూర్తయింది. ఆయన హెడ్మాస్టరుగా పనిచేసింది, ఆడపిల్లల బడి పెట్టింది ఈ ఊళ్ళోనే. ఆయన రాసిన రాజశేఖర చరిత్రం నవల మొదలయ్యేది కూడా ఇక్కడి గోదావరి, ఇక్కడి కొండ వర్ణనతోనే.

వెలుతురు ఉంటే జనార్దనస్వామి గుడి కొండ మెట్లెక్కండి. ఆ మొదటి ప్రకరణం ఫోన్‌లోనో కాగితం మీదో ముందే పెట్టుకుని ఉంటే పైన కూర్చుని చదవండి. ఒకరు చదువుతుంటే మిగిలినవాళ్ళు నదిని చూడాలి. వాక్యాలు పొడుగు, తొందరపడకుండా ఊపిరి తీసుకుంటూ చదవాలి. దిగేటప్పుడు మెట్లు చీకటిపడితే జాగ్రత్త. బ్యారేజీ మీద సాయంత్రం వాహనాల రద్దీ ఎక్కువ, ఆరులోపు దాటితే రాత్రి భోజనం వేళకు ఇంట్లో ఉంటారు.